ఎవరు పట్టుకున్నారు

సీసా ఇంకా తెరవలేదు. ఇంకో ఇద్దరు పిల్లలు రావాలయ్యా, ఒక్కసారి మూత తీశానంటే మధ్యాహ్నంలోగా వాడెయ్యాలి, మిగిలిందంతా పారబొయ్యాలి అని నర్సమ్మ సత్యకుమారి గారు మందుల పెట్టె మీద మోచెయ్యి ఆనించుకుని చెప్పేసరికి, విజయ్ పాల్ ఆయ్ అలాగేనండి అని అంగన్‌వాడీ గోడకి చేరబడి కూలబడ్డాడు. ఒళ్ళో కూతురు సారిక, వచ్చే నెలకి రెండేళ్ళు నిండుతాయి, అతని చొక్కా గుండీ ఒకటి నోట్లో పెట్టుకుని నములుతోంది. చుట్టూ అందరూ ఆడవాళ్ళే. తల్లులు, అమ్మమ్మలు, ఒక మేనత్త. అతను లోపలికి వచ్చినప్పుడు పాలిస్తున్న పిల్ల ఒకతె చప్పున అటు తిరిగింది, ఇంకొకామె పైట సర్దుకుంది. అందుకని చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గోడ మీద రంగులేసిన అరటిపండునీ ఆవునీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఎంతసేపని చూస్తాడు, ఆవు ఏమన్నా కదులుతుందా. జేబులో ఫోను గుండెకి ఆనుకుని ఉంది. కాసేపట్లో అది మోగుతుంది. కువైట్‌లో హెలెన్ పనిచేసే ఇంట్లో పెద్దపిల్లలు బడికి పోయి, మేడమ్ స్నానానికి వెళ్ళిన వేళ చూసుకుని, బట్టలుతికే గదిలోంచి రోజూ ఫోను చేస్తుంది. ఆ వేళకి అతను కడియపులంక నర్సరీలో మొక్కల మధ్య ఉంటే అక్కడి నుంచే మాట్లాడతాడు, ఇంటి దగ్గరుంటే మంచం మీద పిల్లని పక్కన పెట్టుకుని మాట్లాడతాడు. ఇవాళ ఆ వేళ కాకముందే పని కానిచ్చుకుని ఇంటికి పోదామనుకున్నాడు. మందుల పెట్టె రావడమే ఆలస్యమైంది, వచ్చాక ఈవిడ సీసా తెరవదు. పెళ్ళాం వద్దని మాట తీసుకున్న పనిని పెళ్ళానికి చెప్పకుండా చేయించడానికి వచ్చాడు విజయ్ పాల్, అదీ సంగతి.

మాట అంటే బైబిలు మీద చెయ్యి వేయించుకోలేదు. మోరంపూడి జంక్షన్లో హైదరాబాదు బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది, ఏజెంటు ఎక్కండమ్మా ఎక్కండి అని తొందర పెడుతున్నాడు, హెలెన్ ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగింది. అంతకు ముందు వారం రోజులూ పాలు మాన్పించడానికి వేపాకు నూరి రాసుకుంది. పిల్ల చేదు చూసి మొహం వికారంగా పెట్టింది, అమ్మ వంక చూసింది, మళ్ళీ వచ్చి ఆ చేదునే తాగింది. ఆ రాత్రి హెలెన్ వంటగదిలోకి పోయి నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తుంటే అతను గుమ్మంలో నిలబడ్డాడు గానీ లోపలికి వెళ్ళలేదు. వెళ్ళి ఏమంటాడు. వెళ్ళొద్దని అనాలి. అనడానికి లేదు, గోడలు లేచి స్లాబు పడకుండా నిలబడిపోయిన ఇల్లు ఎదురుగా ఉంది, నర్సరీలో అంట్లు కట్టే కూలితో ఆ స్లాబు ఏ జన్మకి పడుతుంది. వీధిలో ఇంటికొకరు అలా వెళ్ళినవాళ్ళే, హెలెన్ మాత్రం ఏం తక్కువ తిన్నది అని అతని తల్లి కూడా అంది. బస్సు మెట్టు మీద హెలెన్ ఇల్లు గురించి అడగలేదు, ఏజెంటు ఖర్చులకి తాకట్టు పెట్టిన గొలుసు గురించి అడగలేదు.

“నేనొచ్చేదాకా దానికి సూది పొడిపించొద్దండి. ఇంకేం అడగను మిమ్మల్ని.”

సరే అన్నాడు. బస్సు కదులుతుంటే ఎవడైనా సరే అంటాడు. చెప్పినప్పుడు ఆ సరే చాలా చిన్నది, నాలుక మీద బరువే లేదు, ఇన్ని నెలల్లో అది పెరిగి పెరిగి ఇవాళ గుండెల మీద కుంపటిలా కూర్చుంది.

ఆమె భయం ఉత్త భయం కాదు మరి. ఆ రాత్రి చూసినవాళ్ళకి ఎవరికైనా అలాగే ఉంటుంది. తొమ్మిదో నెల సూదులు వేయించిన రోజు, రోహిణి కార్తె, పెంకులు కూడా పగిలే ఎండలు. సూదులకి పిల్లని పట్టుకున్నది అతని తల్లి జ్ఞానమ్మే, హెలెన్ చూడలేనని బయట వేపచెట్టు కింద చెవులు మూసుకుని నిలబడింది. సాయంత్రానికి ఒళ్ళు వెచ్చబడింది. జ్వరం వచ్చిన పిల్లకి గాలి తగలకూడదే అని జ్ఞానమ్మ కిటికీలు వేయించింది, ఫ్యాను ఆపించింది, క్రిస్మస్‌కని కొన్న ఉన్ని టోపీ తలకి తొడిగి, పెద్దవాళ్ళు కప్పుకునే దుప్పటి నాలుగు మడతలు పెట్టి చుట్టింది. ఇంట్లో ఉన్న ముగ్గురూ చెమటలు కక్కుతూ పిల్ల చుట్టూ కూర్చుని కీర్తన పాడుతున్నారు. ఉన్నట్టుండి పిల్ల ఏడుపు ఆగింది, తగ్గింది కాబోలు అనుకున్నారు, చూస్తే కళ్ళు పైకి పోయి తెల్లగుడ్లు, పిడికిళ్ళు బిగుసుకుపోయి, పెదవుల మూల నురగ. హెలెన్ అరవలేదు. ఆ అరవకపోవడమే అతనికి ఇప్పటికీ చెవుల్లో ఉంది. బండి వెనక కూర్చుని పిల్లని గుండెకి అదుముకుని రాజమండ్రి వచ్చేదాకా ఊపిరి ఆడుతోందండి, ఆడుతోందండి అని అదొక్కటే చెబుతూ వచ్చింది, అతను బండి నడుపుతూ ఎప్పుడు ఆ మాట ఆగిపోతుందో అని వింటూ పోయాడు. పిల్లల ఆసుపత్రి డాక్టరు గారు దుప్పటి చూసి మండిపడ్డాడు. జ్వరం వస్తే బట్టలు విప్పి తడిగుడ్డతో తుడవాలి గానీ ఈ ఎండల్లో కోడిని పొదగేసినట్టు పొదగేస్తారా, సూదికి వచ్చే జ్వరం ఎంత, మీరు ఉడకబెట్టింది ఎంత, ఈ ఫిట్సుతో ప్రమాదం లేదు గానీ మళ్ళీ ఇలా చేశారో అని, వెనకే ఆటోలో వచ్చిన జ్ఞానమ్మతో సహా ముగ్గురినీ నిలబెట్టి కడిగేశాడు. ముగ్గురూ విన్నారు. విన్నది తలలోకి పోయింది, చూసింది కడుపులోకి పోయింది. కడుపులోకి పోయినదాన్ని ఏ డాక్టరు తీస్తాడు.

జ్ఞానమ్మ ఆ తర్వాత పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే ముట్టుకోవడం మానేసింది. అన్నం తినిపిస్తుంది, స్నానం చేయిస్తుంది, జోకొడుతుంది, తుమ్ము వినపడిందా చేతులు వెనక్కి తీసుకుని అబ్బాయ్ చూసుకో అంటుంది. నిన్న రాత్రి ఇడ్లీ పిండి రుబ్బుతుంటే, రేపు సూదులకి తీసుకెళ్తానే అమ్మా, నువ్వూ రా, నాకు పట్టుకోవడం చేతకాదు అని అడిగాడు. ఆవిడ రుబ్బడం ఆపలేదు. నీ ఇష్టం నాయనా, నీ కూతురు, నీ పెళ్ళాం, మళ్ళీ ఆ నింద నేను మోయలేను అంది. ఇంకో మాట కూడా అంది, అతనికి ముందు పుట్టిన మేరీ సంగతి. ఆ పిల్ల పేరు ఇంట్లో ఎత్తరు. చర్చి వెనక సమాధుల్లో గోడవారగా చిన్న దిమ్మ ఉంది, చిన్నప్పుడు ఆదివారాలు దాని మీద కూర్చుని సీమచింతకాయలు తినేవాడు, అది తన అక్క అని ఎవరూ చెప్పలేదు. ఒళ్ళంతా తట్టు పోసి ఊపిరితిత్తులకి దిగిందిరా, ఆ రోజు తలుపు ఎవరో తీశారు, గాలి తగిలింది, గాలి తగిలే పోయింది నా పిల్ల అంది జ్ఞానమ్మ. అంతే, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. అతనికి అప్పుడు అర్థమైంది ఆ దుప్పటి ఎక్కడి నుంచి వచ్చిందో. ఆవిడ సారికని చుట్టలేదు, ముప్పై అయిదేళ్ళ కిందటి తలుపు మూసుకుంది. అమ్మ మీద అప్పటిదాకా లోలోపల ఉన్న కోపం కాస్తా ఎటు పోయిందో పోయింది. కోపం ఉన్నప్పుడు కనీసం అదన్నా తోడుండేది, ఇప్పుడు అదీ లేదు, రాత్రంతా మంచం మీద పిల్ల ఊపిరి వింటూ పడుకున్నాడు.

ఇంకో పిల్ల వచ్చింది, వాళ్ళమ్మ చంకలో. సత్యకుమారి గారు ఇంకొక్కరు అంది. పక్కనున్నామె పేరు రామతులసి, కాలువ గట్టు మీద కొబ్బరి తోటల వాళ్ళ కోడలు, ఒళ్ళో బొద్దుగా పిల్లాడు. ఆవిడ అతన్ని చూసి చూసి ఉండబట్టలేక అడిగింది, పాప వాళ్ళమ్మ ఊళ్ళో లేరాండి అని. లేరండి, కువైట్. అయ్యో అని ఆవిడ అనలేదు, ఊఁ అంది, అది నయం. అవతల కూర్చున్న ముసలావిడ మాత్రం ఊరుకోలేదు. ఈ పిల్లకే కదూ అప్పుడు ఫిట్సు వచ్చింది సూది వేస్తే, మళ్ళీ తెచ్చావా నాయనా, గుండె దిటవే నీకు అని గదంతా వినపడేట్టు అనేసింది. కొందరి నోట్లో నువ్వుగింజ నానదు. తల్లులందరూ ఒక్కసారి సారిక వంక చూశారు, తర్వాత తమ పిల్లల వంక చూసుకున్నారు, పాలిస్తున్న పిల్ల తన బిడ్డ తొడని అరచేత్తో కప్పుకుంది. ఆ అరచెయ్యి చూసి విజయ్ పాల్ సారికని ఇంకాస్త దగ్గరికి తీసుకున్నాడు. తను తప్పు చేస్తున్నాడా. ఇంతమంది ఆడవాళ్ళకి తెలిసినంత తనకి తెలుసా. ఫోనులో ఎన్నెన్ని వచ్చాయి, హెలెన్ గదిలో ఉండే నరసాపురం అమ్మాయి పంపిన వీడియో, అందులో తెల్లకోటు వేసుకున్నవాడు పిల్లలకి ఇన్ని మందులు ఒక్కసారి ఎక్కిస్తే ఒళ్ళు తట్టుకోదని చెబుతాడు. చర్చి గ్రూపులో కిరణ్ కుమార్ అన్న పెట్టిన ఆడియో, ప్రార్థన ఉండగా సూదులెందుకని. ఆ అన్నే మొన్న కుక్క కరిస్తే పరుగెత్తుకుంటూ పోయి అన్ని సూదులూ పొడిపించుకున్నాడు, అది గ్రూపులో పెట్టలేదు. అవన్నీ చెరిపేశాడు. చెరిపితే ఫోనులోంచి పోతాయి, పక్క మీదికి వాలాక ఆ తెల్లకోటువాడు వచ్చి తల దగ్గర కూర్చుంటాడు. తట్టుకొకటీ కోరింత దగ్గుకొకటీ, రెండు కలిపి వేస్తే ఎక్కువా, ఒకటి ఇవాళ ఒకటి వచ్చే నెల వేయించుకుంటే తక్కువా, నర్సమ్మని అడిగితే తేడా ఏం లేదయ్యా, పిల్ల రెండుసార్లు ఏడవాలి, నువ్వు రెండుసార్లు కూలి పోగొట్టుకోవాలి, అంతే అంది. ఆవిడ చెప్పిందీ నిజమే అనిపిస్తుంది, వాడు చెప్పిందీ నిజమేనేమో అనిపిస్తుంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అలా ఉంటే బాగుండును, ఏదో ఒకటి కళ్ళకి కనపడేది. ఇక్కడ రెండూ కనపడవు.

పిల్లని ఎత్తుకుని వరండాలోకి వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు కూడా. వెళ్ళిపోతే ఎవరడుగుతారు, హెలెన్ మాట నిలబెట్టినవాడవుతాడు, రాత్రికి హాయిగా పడుకోవచ్చు. ఎదురుగా కాలువ నిండా ఎర్రనీళ్ళు, గోదావరికి కొత్తనీరు తగిలి వారమైంది, అవతల గట్టు మీద ఒక ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టి ఉన్నాయి. అమ్మవారు పోసిందని ఆ ఇంటివాళ్ళు, తట్టు అని నర్సమ్మ, ఎవరేమన్నా వచ్చింది ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలకి. అందులో చిన్నవాడికి ఆయాసం వచ్చి కాకినాడ తీసుకెళ్ళారని నిన్న నర్సరీలో గంగరాజు గారు చెప్పాడు. గంగరాజు గారు యజమాని, సగం పూట సెలవడిగితే ఎందుకని అడిగి, విని, వెళ్ళిరా అన్నాడు. వానాకాలం, లారీలు వచ్చి నిలబడి ఉన్నాయి, మామిడంట్లూ మందారాలూ ఎక్కించాలి, అలాంటి రోజున ఆయన వెళ్ళిరా అనడమే గొప్ప. ఆయన దగ్గర చెప్పుకోగలిగాడు, ఇంట్లో అమ్మ దగ్గర కాస్త చెప్పుకోగలిగాడు, ఎవరికి చెప్పుకోవాలో ఆమెకే చెప్పలేకపోయాడు. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఎదురుగా ఉంటే కోప్పడుతుంది, ఏడుస్తుంది, అలిగి అన్నం మానేస్తుంది, అప్పుడు బతిమాలుకోవచ్చు. ఆ చిన్న తెర మీద బతిమాలడం ఎలాగ. నాలుగు మాటలయ్యేసరికి లోపలి నుంచి పిలుస్తారు, ఆమె మొహం మధ్యలోనే నల్లబడిపోతుంది, మిగిలిన కోపం ఆమె అక్కడ ఒంటరిగా పడాలి, ఇతను ఇక్కడ ఒంటరిగా పడాలి. అందుకని వర్షం గురించి చెబుతాడు, అమ్మ మోకాలు గురించి చెబుతాడు, పాప అల్లరి గురించి చెబుతాడు. పాపని తెర ముందు పెడతాడు. మొదట్లో పాప ఆ తెరని ముద్దు పెట్టుకునేది, ఈ మధ్య మొహం తిప్పేసుకుంటోంది, అందులో కుందేలు బొమ్మలు వస్తాయి కదా అవి పెట్టమని ఏడుస్తోంది. మీ దగ్గర నెట్ సరిగ్గా లేదేమోనండి, నేను కనపడట్లేదేమో దానికి అంటుంది హెలెన్. అవును నెట్ బాలేదు అంటాడు. ఊరికే వచ్చిన మాట కాదది, ఆమె అందించింది, ఇతను అందుకున్నాడు.

లోపల్నుంచి సత్యకుమారి గారి గొంతు. ఆ ఇంకో పిల్లా వచ్చిందయ్యా, సీసా తీస్తున్నాను, ఉంటావా వెళ్తావా. అతను వేపమండలు కట్టిన గుమ్మం వంక ఇంకోసారి చూశాడు. ధైర్యం వచ్చి కాదు, నిజం చెప్పాలంటే ధైర్యం రానే లేదు, ఆ ఇంట్లోంచి ఒక ఆడమనిషి తట్టెడు గుడ్డలు పట్టుకుని కాలువలోకి దిగి జాడించుకుంటోంది, చిన్నచిన్న గుడ్డలు, పిల్లలవి. అది చూసి చెప్పులు విడిచేశాడు.

చెప్పుకుంటే నవ్వుతారు, అతను పగలంతా వేలెడంత లేత కొమ్మలకి పదునైన కత్తితో గాటు పెట్టి, ఇంకో కొమ్మ జొనిపి, ఊపిరాడేంత బిగువుగా కట్టు కడతాడు, వందకి తొంభై బతుకుతాయి, ఆ చుట్టుపక్కల అతని చేతికి పేరుంది. అలాంటి చేతులకి కన్నకూతుర్ని పట్టుకోవడం చేతకాలేదు. మిగిలిన తల్లులు ఎంత సులువుగా కూర్చున్నారో, పిల్ల ఒక చెయ్యి తమ వీపు వెనక్కి పంపి, కాళ్ళు రెండూ మోకాళ్ళ మధ్య ఇరికించి, తల రొమ్ముకి ఆనించి. ఇతను గట్టిగా పట్టుకుంటే నొప్పేమో అనుకుంటాడు, వదులు చేస్తే పిల్ల జారిపోతుంది. రామతులసి లేచి వచ్చి, ఇలా కాదండి, కాళ్ళు బిగించండి, పర్లేదు విరగవు అని చూపించింది, చెయ్యి మాత్రం వెయ్యలేదు, మొగుడు కాని మగవాడి ఒళ్ళో చెయ్యి పెట్టడానికి ఆవిడకీ ఇబ్బందే. నోట్లో చుక్కలు వేశారు, పిల్ల చప్పరించి ఇంకా కావాలన్నట్టు చూసింది. తర్వాత జబ్బ మీద. పిల్ల ఊపిరి బిగపట్టింది, ఆ బిగపట్టిన క్షణంలో అతనికి ఆ రాత్రి అంతా, ఆ తెల్లగుడ్లు, బండి, ఆడుతోందండి ఆడుతోందండి, అన్నీ ఒక్కసారి వచ్చి నెత్తిన పడ్డాయి, ప్రభువా అనుకున్నాడు. పిల్ల కేరుమంది. వెంటనే తొడ మీద రెండోది. పిల్ల కాళ్ళు తన్నుకోబోయి తన్నుకోలేక, ఒళ్ళు విల్లులా వంచి, వెనక్కి పంపిన చెయ్యి లాక్కుని రెండు చేతులూ అతని మెడకి వేసి గోళ్ళు దిగేలా పట్టుకుంది. “నాన్నా! నాన్నా!” అని ఒకటే ఏడుపు. నొప్పి పెట్టించినవాడినే పట్టుకుని ఏడుస్తుందేమిటి పిచ్చితల్లి. గదిలో అందరూ చూస్తున్నారు. అయిపోయింది అయిపోయింది అని సత్యకుమారి గారు దూది అదిమి, అరగంట కూర్చుని వెళ్ళు, రాత్రికి వెచ్చబడితే ఈ సిరప్ ఇంతే పొయ్యి, తడిగుడ్డతో తుడువు, మీ అమ్మ గారి దుప్పట్లు దాచెయ్యి అంది. ఆవిడకీ తెలుసు దుప్పటి సంగతి. ఊరందరికీ తెలుసు.

గోడ దగ్గరికి వచ్చి మళ్ళీ కూర్చున్నాడు. పిల్ల మెడ వదల్లేదు, వెక్కుతోంది, చెంప అతని భుజం మీద తడితడిగా. ఇప్పుడు ఇంకో భయం మొదలైంది, వెనకటి భయం ఎక్కడికీ పోలేదు, దాని పక్కన ఇది వచ్చి కూర్చుంది. రాత్రికి జ్వరం వస్తుంది, వస్తుందని నర్సమ్మే చెప్పింది, ఏ వేళకి వస్తుంది, ఎంత వస్తుంది, పిల్ల కళ్ళు పైకి పోతే ఎవరు వెనక కూర్చుంటారు, బండి ఒక్కడే నడుపుతూ పిల్లని ఎలా పట్టుకుంటాడు. నుదురు మీద చెయ్యి వేసి చూశాడు. ఏడ్చిన వెచ్చదనమా, అదేనా. ఇప్పుడే ఎందుకు వస్తుంది. మళ్ళీ చూశాడు. హెలెన్ ఫోను చేస్తే బరువు చూపించడానికి తీసుకొచ్చానని చెప్పాలి, అంగన్‌వాడీలో బరువు చూస్తారు, అది అబద్ధం కూడా కాదు, ఇందాక తూచారు కదా. దూది కనపడకుండా గౌను కిందికి లాగాలి. ఏడ్చిన మొహం కనపడితే, నిద్రలేచి ఏడుస్తోందని చెప్పాలి. రాత్రికి జ్వరం రాకపోతే ఆమెకి ఎప్పటికీ తెలియదు. వస్తే? వచ్చి, ఆ రాత్రి లాంటిదే మళ్ళీ వచ్చి, ఇంకేదన్నా అయితే, ఆ తెర మీద ఆ మొహానికి ఏం చెబుతాడు. ఆలోచన అక్కడిదాకా వచ్చి ఆగిపోతోంది, ముందుకి దారి లేదు, మళ్ళీ మొదటికి వచ్చి బరువు, గౌను, నిద్ర. ఇంతమంది మధ్యలో కూర్చున్నాడు, తన మనసులో మాట చెప్పుకోవడానికి ఒళ్ళో ఉన్న ఈ రెండేళ్ళ పిల్ల తప్ప ఒక్కరు లేరు. పిల్లకి ఇంకా మాటలు కూర్చడం రాదు.

ఫోను మోగింది. వీడియో. మోగనిద్దామా అనుకున్నాడు, ఇవాళ ఎత్తకపోతే మళ్ళీ రేపటిదాకా ఆమె ఏమేమి ఊహించుకుంటుందో తెలుసు. ఎత్తాడు. తెర మీద హెలెన్ మొహం, వెనక బట్టల మెషీన్ తిరుగుతోంది, తలకి గుడ్డ కట్టుకుని ఉంది, ఆ మధ్య చూసినదానికంటే దవడలు లోపలికి పోయాయి. తిన్నారా అంది, అత్తయ్యకి మోకాలు ఎలా ఉంది అంది, ఆ తర్వాత అతని వెనక గోడ వంక చూసింది.

“ఎక్కడున్నారండీ?”

బరువు అని నోరు తెరిచాడు. ఎందుకో మరి, ఇందాకటి నుంచీ అప్పజెప్పుకున్నదాంట్లో ఒక్క ముక్కా రాలేదు, వేరే మాట బయటికి వచ్చింది. సూదులకి తీసుకొచ్చాను, అయిపోయింది, రెండూ వేయించేశాను అన్నాడు. అని, ఇంక ఆగలేక, కాలువ అవతల తట్టు వచ్చిందనీ, అమ్మ రానందనీ, నీకు చెబుదామని ఎన్నిసార్లో అనుకున్నాననీ, ఒకదాని మీద ఒకటి, గుక్క తిప్పుకోకుండా. హెలెన్ వింటోందో లేదో తెలియలేదు. కదలడం లేదు, నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాడు, వెనక మెషీన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

“ఎవరు పట్టుకున్నారు?” అంది చివరికి.

“నేనే.”

“కాళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకున్నారా? లేకపోతే తన్నేస్తారండి పిల్లలు.”

ఈమెకెలా తెలుసు అనుకున్నాడు. అప్పుడు వేపచెట్టు కింద చెవులు మూసుకుని నిలబడిన మనిషి కదా. హెలెన్ ఒకసారి తలుపు వైపు చూసి గొంతు తగ్గించి చెప్పింది. అక్కడ మేడమ్ చిన్నబాబుది సారిక ఈడే. రెండు నెలల కిందట ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఇవే సూదులు, మేడమ్ చూడలేనని బయట కుర్చీలో కూర్చుంది, బాబుని హెలెన్ చేతికిచ్చి లోపలికి పంపారు. ఆమే వాడి కాళ్ళు మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకుంది. ఆ రాత్రి బాబుకి జ్వరం వస్తే తెల్లారేదాకా తొట్టి పక్కన నేల మీద కూర్చుని ఊపిరి చూసుకుంటూ గడిపింది. పొద్దున్నే లేచి వాడు ఆడుకున్నాడు. అంతే, ఏం కాలేదు.

“ఆ రోజే పోయిందండి నా భయం. మీకు చెప్పాలి కదా, దానికీ వేయించండని. చెప్పలేదు.” మళ్ళీ తలుపు వైపు చూసింది. “చెబితే మీరు వేయించేస్తారు. నేను లేకుండానే అయిపోతుంది. ఆ బాబు నా మెడ పట్టుకుని ఏడ్చాడండి. నా పిల్ల ఏడిస్తే నేనే పట్టుకోవాలని... ఈలోగా తట్టు వచ్చుంటే? నేను తల్లినేనా అసలు?”

ఇంతసేపూ తను మోసినదంతా ఉత్తదేనా అని అతనికి కోపం రావాలి. రాలేదు. అక్కడ వేరేవాళ్ళ పిల్లవాడి ఊపిరి లెక్కపెడుతూ నేల మీద కూర్చున్న మనిషిని తలుచుకుంటే కోపం ఎక్కడి నుంచి వస్తుంది. ఊరుకో, ఏం కాలేదుగా, ఊరుకో అన్నాడు. ఆమె గుడ్డతో మొహం తుడుచుకుంది. రాత్రికి ఫ్యాను వెయ్యండి, అత్తయ్య ఏమన్నా సరే దుప్పటి కప్పనివ్వకండి, మీరు కునుకు తియ్యొద్దు అని వరసగా చెప్పింది, పక్కనే ఉండి చెబుతున్నట్టు. పిల్లని చూపించమంది. చూపిస్తే వీపు కనపడింది, పిల్ల మొహం తిప్పలేదు, అతని భుజంలోనే దాచుకుంది.

లోపలి నుంచి ఎవరో పిలిచారు. హెలెన్ వస్తున్నాననే అరబ్బు మాట ఏదో అటు కేకేసి, మళ్ళీ తెర దగ్గరికి వంగింది. అడగాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం చూసింది.

“ఏడ్చినప్పుడు ఎవరినన్నా పిలిచిందాండీ?”

రామతులసి తలెత్తి అతని వంక చూసింది. పిల్ల గోళ్ళు దిగిన చోట మెడ ఇంకా మండుతోంది.

“అమ్మా అనే ఏడ్చింది హెలెన్. ఒకటే అమ్మా, అమ్మా.”

హెలెన్ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి, ఏడుస్తూనే నవ్వింది, ఎన్ని నెలల తర్వాతో అలా నవ్వడం. ఉంటానండి అంది. తెర నల్లబడింది. రామతులసి తల దించుకుని తన పిల్లాడి జుట్టు సవరించింది. సారిక వెక్కుతూ, భుజం మీద నుంచి మొహమెత్తకుండానే, నాన్నా అని పిలిచింది. విజయ్ పాల్ ఫోను పూర్తిగా ఆగిందో లేదో ఒకసారి చూసుకుని, అప్పుడు, చాలా మెల్లిగా, ఊఁ అన్నాడు.